ఏనుగు పొట్టలో కుట్లు

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి మా ఇంట్లో పరిస్థితి ఇదీ: పెరట్లో బట్టలుతికే గట్టు పక్కన, నర్సక్క నానబెట్టుకున్న బట్టల బకెట్లో ఖాళీ మందు సీసా ఒకటి బయటపడింది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఈ ఇంటిని నడిపే పెద్దక్క దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసి, లోపలికి వెళ్ళి హాల్లో గంట కొట్టింది.

ఆ సీసా నర్సక్కది కాదు. నాది. పావుగంట ముందు దాన్ని తూములో పారబోసింది నేనే. ఎవరివో అడుగుల చప్పుడు వినపడేసరికి కంగారులో చేతికందిన బకెట్లోకి జారవిడిచిందీ నేనే. అది ఎవరి బకెట్టో కూడా చూడలేదు.

మా ఇల్లు అంటే పుట్టిల్లూ కాదు, అత్తిల్లూ కాదు. ఆసుపత్రిలో అలవాటు మానిపించి పంపాక, తిన్నగా సొంతింటికి వెళ్తే మళ్ళీ మొదలుపెడతామేమోనని భయపడే ఆడవాళ్ళం ఆరుగురం కలిసి ఉండే ఇల్లు. కొందరిది తాగుడు, కొందరిది నిద్రమాత్రలు. పగలు ఎవరి పనులకి వాళ్ళం వెళ్తాం, సాయంత్రం ఆరుకల్లా వచ్చేస్తాం, రోజూ పొద్దున్నే వరసలో నిలబడి చిన్న మిషన్లోకి ఊదుతాం. దానికి మేం పెట్టుకున్న పేరు బాకా. తొంభై రోజులు బాకా సున్నా చూపిస్తే ఇంటి తాళంచెవి మన చేతికిస్తారు. అప్పటిదాకా తలుపు తట్టి, ఎవరో ఒకరు వచ్చి తీసేవరకూ గుమ్మంలో నిలబడాల్సిందే.

ఆ ఆదివారం నాకు తొంభయ్యో రోజు. పదింటికి మా అత్తగారు మా పాపని తీసుకొస్తానన్నారు. "తొంభై రోజులు ఏ గొడవా లేకుండా గడుపు, ఆ తర్వాత శని ఆదివారాలు పిల్లని నీ దగ్గర వదుల్తాను" అని ఆవిడ మాటిచ్చారు. ఐదేళ్ళ పిల్ల. మూడు నెలలుగా దాని గొంతు ఫోన్లో వినడమే.

ఇక మా ఇంటి కట్టుబాటు. సీసా గానీ మాత్ర గానీ ఎవరి దగ్గర దొరికితే వాళ్ళు ఆ పూటే సామాను సర్దుకోవాలి. తాగారా లేదా అన్నది రెండో మాట. మొదటిసారయితే, మిగతా అందరూ చేతులెత్తి ఒప్పుకుంటేనే ఉండనిస్తారు. ఎక్కడైనా కంటపడితే ఒంటరిగా ముట్టుకోకూడదు, కేకేసి ఇంకో మనిషిని పిలవాలి, ఇద్దరూ కలిసి పారబోయాలి. మూడు నెలలుగా రోజూ వంటింటి గోడ మీద చదువుతున్న మాట ఇది. సరిగ్గా కావలసిన వేళకి నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

హాల్లో పొడుగాటి బల్ల మీద కుట్టుమిషన్లు నాలుగు, పక్కన ఆసుపత్రికి పంపాల్సిన తలగడ గలీబుల కట్టలు. పెద్దక్క ఆ కట్టల్ని జరిపి సీసాని బల్ల మధ్యలో నిలబెట్టింది. పన్నెండేళ్ళ కిందట ఆవిడా మాలాగే ఓ సంచితో ఇలాంటి ఇంటి గుమ్మం ఎక్కిన మనిషే. అందుకే ఆవిడ దగ్గర కన్నీళ్ళు ఊరికే చెల్లవు.

"ఎవరిది?"

"అక్కా, నేను పదకొండేళ్ళు బస్సులో చేశాను" అంది కండక్టరు, జేబుల్లో చేతులు పెట్టుకుని. ఇంట్లో ఎంత గంభీరంగా ఉన్నా ఆవిడ నోరు ఆగదు. "టికెట్ లేనివాళ్ళు లేచి నిలబడండి అంటే ఒక్కళ్ళు కూడా లేవగా చూళ్ళేదు. మీరు బాకా తియ్యండి."

పెద్దక్క బాకా తీసింది. ఆరుగురం ఊదాం. ఆరుసార్లూ సున్నా.

"ఇంకేం? ఎవరూ తాగలేదు. దెయ్యం తాగింది" అంది కండక్టరు.

"నోరు ముయ్యి." పెద్దక్క నర్సక్క వైపు తిరిగింది. "బకెట్టు నీది."

"బకెట్టు నాదే. అందులో ఉన్న రెండు దుప్పట్లూ నావే. సీసా నాది కాదు." నర్సక్క చేతులు కట్టుకుని, గోడకి ఆనుకోకుండా నిటారుగా నిలబడింది. పెద్ద ఆసుపత్రిలో మందుల బీరువా తాళాలు ఆవిడ నడుముకి వేలాడిన రోజులున్నాయి. ఆ బీరువాలోని మాత్రలే ఆవిణ్ణి ఇక్కడిదాకా తెచ్చాయి. "నేను మాత్రల మనిషినక్కా. మందు వాసన వస్తే నాకు వాంతి. నన్ను ఇరికించాలనుకున్నవాళ్ళు కనీసం నాకు పనికొచ్చేదయినా పెట్టాల్సింది."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపేసుకున్నారు. పెద్దక్క నవ్వలేదు.

"పోయిన నెల నీ చెప్పులో రెండు మాత్రలు దొరికాయి. మొదటిసారి కదా అని అందరం చేతులెత్తి ఉంచాం. రెండోసారికి చేతులెత్తడాల్లేవు. ఆ సంగతి నీకు తెలుసు."

"తెలుసు."

"ఇంకేమన్నా చెప్పుకుంటావా?"

"చెప్పాను. నాది కాదని చెప్పాను. నమ్మకపోతే అదే మాట పాట పాడి చెప్పాలా?" నర్సక్క తిరిగి, మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అల్మారా తలుపు తీసిన చప్పుడు, సంచి జిప్పు లాగిన చప్పుడు కిందికి వినిపించాయి.

నోరు తెరిస్తే నేను సంచి సర్దుకోవాలి. ఇంకో గంటలో పాప వస్తుంది, సంచితో గేటు దగ్గర నిలబడ్డ అమ్మని చూస్తుంది. ఆ తర్వాత మా అత్తగారు పిల్లని నాకు చూపించనైనా చూపించరు. మా ఆయన లారీ మీద వారాల తరబడి తిరిగే మనిషి, ఇంట్లో ఆవిడ మాటే మాట. నోరు తెరవకపోతే? నర్సక్కకి ఎవరున్నారు? చెల్లెలు తలుపు తియ్యనంది. ఆసుపత్రి మళ్ళీ పిలవదు. ఆవిడ ఈ వీధి మలుపు దాటాక ఎక్కడికి వెళ్తుందో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

'ఆవిడ గట్టి మనిషి, ఎలాగో బతుకుతుంది' అని నాకు నేనే చెప్పుకున్నాను. తాగే రోజుల్లో కూడా నాకు ఇలాంటి మాటలు భలే తోచేవి.

ఇంతలో గేటు బయట టాక్సీ ఆగింది.

మా అత్తగారు ఎక్కడికెళ్ళినా గంట ముందే చేరే మనిషి. ఆ సంగతి కూడా ఆ కంగారులో మర్చిపోయాను. కండక్టరు వెళ్ళి తలుపు తీసేసరికి గుమ్మంలో ఆవిడ, ఆవిడ వేలు పట్టుకుని మా పాప. పాపిడి వంకరగా తీసి వేసిన రెండు జడలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అది నన్ను చూసి కదల్లేదు. ఫోన్లో అమ్మా అమ్మా అని అరిచే పిల్ల, ఎదురుగా చూసేసరికి సిగ్గుపడి నానమ్మ వెనక్కి వెళ్ళింది. అక్కణ్ణించి ఒక కన్ను బయటపెట్టి చూసింది. ఆ తర్వాత ఒక్క పరుగు.

ఎత్తుకున్నాను. బరువు పెరిగింది. తలలో ఏదో కొత్త షాంపూ వాసన. నా మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో మొట్టమొదట అడిగిన మాట: "అమ్మా, నా ఏనుగు ఏది?"

అప్పుడే నర్సక్క మెట్లు దిగుతోంది. భుజానికి సంచి, చేతిలో మడతపెట్టిన కోటు. పాపని చూసి ఆగింది. అంత గొడవలోనూ, మొహం కడుక్కున్న తడి ఇంకా ఆరకుండానే, ఆవిడ నవ్వింది.

"వచ్చేసిందా నీ దొరసాని? అచ్చం నీ పోలికే. కంగారు మాత్రం రాకుండా చూసుకో" అంది. కంగారమ్మ అని ఆ ఇంట్లో నాకు పేరు పెట్టింది ఆవిడే. నా కూతురి బుగ్గ మీద వేలితో చిన్నగా తట్టి తలుపు వైపు నడిచింది.

"నర్సక్కా, సంచి కింద పెట్టు" అన్నాను.

ఆవిడ ఆగలేదు.

"సీసా నాదక్కా!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాపని కిందికి దింపి కండక్టరు చేతిలో పెట్టాను. "అక్కా, దీన్ని పెరట్లోకి తీసుకెళ్ళి కుందేళ్ళని చూపించు."

"మనకి కుందేళ్ళెక్కడివి?"

"పిల్లినయినా చూపించక్కా, నీకు దణ్ణం పెడతాను."

కండక్టరు పాపని భుజాన వేసుకుని, "పద దొరసానీ, పిల్లి వేషం వేసిన కుందేలుని చూద్దాం" అంటూ వెళ్ళింది. మా అత్తగారు కూడా వెళ్ళబోయారు.

"మీరుండండి అత్తయ్యా. మీరూ వినాలి."

ఆవిడ గుమ్మం పక్క కుర్చీలో, ఒళ్ళో చేతి సంచి పెట్టుకుని కూర్చున్నారు. మొహంలో ఏ భావమూ లేదు. ఆ మొహం చూస్తే పెళ్ళయినప్పట్నించీ నాకు వణుకే. చూడకుండా బల్ల మీద సీసాని చూస్తూ చెప్పాను.

"నేనే తెచ్చాను. వచ్చిన మొదటిరోజే తెచ్చాను. ఈవాళ పాప వస్తోందని పారబోశాను. ఎవరో వస్తున్న చప్పుడయితే నర్సక్క బకెట్లో పడేశాను. ఆవిడదని తెలీదు. తెలిసాక కూడా ఇంతసేపు చెప్పలేదు. అదీ నా తప్పే."

పెద్దక్క కళ్ళు చిన్నవయ్యాయి. "మొదటిరోజు తెస్తే ఇన్నాళ్ళు ఎక్కడుంది? వారం వారం పరుపులు దులుపుతున్నాం. చెప్పులు కూడా తిరగేసి చూస్తున్నాం. నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతా అని మీరిద్దరూ ఏమన్నా అనుకున్నారా?"

"లేదక్కా. పాప బొమ్మ ఏనుగు పొట్టలో దాచాను."

మేడ మీదికి వెళ్ళి నా మంచం మీంచి దాన్ని తెచ్చాను. బూడిదరంగు గుడ్డ ఏనుగు. పాప పుట్టినప్పుడు కొన్నది. ఒక చెవి నమిలి నమిలి పాడయిపోయింది. ఆసుపత్రి నుంచి ఒక్క పూట ఇంటికెళ్ళి ఇక్కడికి వచ్చేటప్పుడు, 'అమ్మకి తోడుంటుంది తీసుకెళ్ళు' అని పాపే ఇచ్చింది. దాని పొట్ట కోసి, దూది తీసి, సీసా పెట్టి కుట్టి తెచ్చాను. అంతకంటే సిగ్గుమాలిన పని నేను జన్మలో చెయ్యలేదు. తొంభై రోజులుగా అది పక్కలో ఉండేది. పాపని తలుచుకుని దాన్ని కావలించుకుంటే, లోపల గాజు గట్టిగా తగిలేది. ఇప్పుడు దాని పొట్ట బార్లా తెరుచుకుని ఉంది. దారప్పోగులు వేలాడుతున్నాయి.

"ఇలా తే" అంది దర్జీ పిన్ని.

పిన్ని మా అందరిలోకీ పెద్దది. మాకు కుట్టు నేర్పింది ఆవిడే. మాట్లాడటం తక్కువ, మిషను తొక్కడం ఎక్కువ. ఏనుగుని వెల్లకిలా బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళజోడు సర్దుకుని, కోత అంచుని వేళ్ళతో తడుముతూ వెలుతురు వైపు తిప్పింది. మేమంతా డాక్టరు చుట్టూ చేరినట్టు చేరాం.

"ఇదిగో, ఇది మొదటి కుట్టు. నల్లదారం. పురికొసతో మూట కట్టినట్టు కుట్టింది. ఈ కన్నాలు చూడండి, వేలు పట్టేలా ఉన్నాయి. అప్పటికి ఈ పిల్లకి సూది పట్టుకోవడం రాదు. ఇంటి దగ్గర కుట్టి తెచ్చింది."

"అవును పిన్నీ."

"ఇది తెల్లదారం. మన గలీబుల దారం. అంటే ఇక్కడికొచ్చాక ఒకసారి విప్పావు."

"పన్నెండో రోజు. విప్పాను. చేతిలోకి తీసుకున్నాను. మూత తియ్యలేదు. మళ్ళీ పెట్టి కుట్టేశాను."

"ఇది కూడా తెల్లదారమే. కానీ వేరే కుట్టు."

"నలభయ్యొకటో రోజు. పాపకి జ్వరమని ఫోనొచ్చింది. నన్ను రానివ్వలేదు. ఆ రోజు..." నేను మా అత్తగారి వైపు చూడలేదు. "ఆ రోజు కూడా తియ్యలేదు. కుట్టేశాను."

పిన్ని కళ్ళజోడు తీసి, చాలా రోజుల తర్వాత మా అందరి మొహాల్లోకీ చూస్తూ మాట్లాడింది.

"ఈ కుట్టు నేను నేర్పిందే. ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. బరువులు మోసే సంచులకి వేస్తాం. అది కూడా ఒక వరస చాలు. ఈ పిల్ల మూడు వరసలు వేసింది, ఒకదాని మీద ఒకటి. తాగుదామని దాచుకునేవాళ్ళు ఎలా కుడతారో నాకు తెలుసు, నేను కుట్టాను కాబట్టి. చటుక్కున లాగితే ఊడొచ్చేలా కుడతారు. దీన్ని విప్పాలంటే గంట పడుతుంది. ఏమ్మా, ఈవాళ ఎంతసేపు పట్టింది?"

"గంటకి పైనే. కత్తెరలు మీ దగ్గర తాళంలో ఉన్నాయి. గోళ్ళు తీసుకునేదాంతో ఒక్కో పోగూ తెంపాను."

"విన్నారుగా. ఇది దాచడానికి వేసిన కుట్టు కాదు. తను తెరవకుండా ఉండటానికి వేసుకున్న కుట్టు."

పెద్దక్క ఆ మూడు వరసల మీద వేలుంచి, అలాగే ఉంచేసింది.

"పారెయ్యొచ్చుగా?" నర్సక్క అడిగింది. సంచి ఇంకా భుజం మీదే ఉంది. "నలభయ్యొకటో రోజు అంత ధైర్యం ఉన్నదానివి, అప్పుడే పారెయ్యొచ్చుగా?"

"పారేస్తే ఇంకోటి కొనుక్కుంటానని భయమేసింది. ఇది ఉందంటే కొనక్కర్లేదు కదా. ఉంది, తాగట్లేదు. ఉంది, తాగట్లేదు. అలా రోజులు లెక్కపెట్టుకున్నాను. మతిలేని పనేనక్కా. నాకు వేరే దారి తోచలేదు."

"మతిలేని పనే" అంది నర్సక్క. కానీ ఆవిడ గొంతులో కరుకు తగ్గింది.

పెద్దక్క లేచి నిలబడింది. "మొదటిసారి, పైగా తనంతట తను చెప్పింది కాబట్టి చేతులెత్తే పద్ధతి. అందరి చెయ్యీ లేవాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా వెళ్ళాల్సిందే. ఈ పిల్ల తప్ప ఐదుగురు."

దర్జీ పిన్ని చెయ్యి మొదట లేచింది. మూలన నిలబడ్డ మిగతా ఇద్దరూ ఎత్తారు. పెరటి గుమ్మంలోంచి కండక్టరు, ఒక చేత్తో పాప కళ్ళు మూసి దాగుడుమూతలాడిస్తూ, రెండో చెయ్యి ఎత్తింది. ఎంతసేపట్నించి వింటోందో!

నాలుగు చేతులు. ఐదోది నర్సక్కది.

ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే నేను గేటు దాటేదాన్ని. నీ కూతురు వచ్చేసింది. మధ్యాహ్నానికి తాళంచెవి కూడా వచ్చేసేది. ఎందుకు చెప్పావు?"

నిజం చెప్పాలంటే నాకు సరిగ్గా తెలీదు. తోచింది చెప్పాను. "నువ్వు పాపని చూసి నవ్వావక్కా. అసలు నిన్ను గెంటేస్తున్నది నేను. నా కూతుర్ని చూసి నువ్వు నవ్వావు."

"అంతేనా?"

"అంతే. ఇంకేమన్నా చెప్తే కల్పించినట్టు ఉంటుంది."

నర్సక్క చాలాసేపు నన్ను చూసింది. ఆసుపత్రిలో జ్వరం చీటీ చూసే నర్సు ఎలా చూస్తుందో అలా. చివరికి సంచి భుజం మీంచి తీసి దబ్బున కింద పడేసింది.

"నా దుప్పట్లు మందు కంపు కొడుతున్నాయి. అవి నువ్వే ఉతకాలి. ఈవాళొకటే కాదు, నెలరోజులు నా బట్టలన్నీ నువ్వే ఉతకాలి."

"ఉతుకుతాను."

"గంజి పెట్టి."

"పెడతాను."

"ఇస్త్రీ."

"అదీ చేస్తానక్కా, ముందు చెయ్యెత్తు తల్లీ!"

ఆవిడ చెయ్యెత్తింది. బడిలో మొదటి బెంచీ పిల్లలాగా నిటారుగా, ఐదు వేళ్ళూ విప్పి.

ఆ తర్వాత ఎవరు అరిచారో, ఎవరు ఎవర్ని కావలించుకున్నారో నాకు తెలీదు. గలీబుల కట్ట ఒకటి బల్ల మీంచి జారి నేలంతా తెల్లగా పరుచుకుంది. పెద్దక్క జేబులోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది. "తొంభై రోజుల నుంచీ సీసా పక్కలో పెట్టుకుని పడుకుని మూత తియ్యలేదు నువ్వు. పన్నెండేళ్ళలో నేను ఇలాంటిది చూళ్ళేదు. మళ్ళీ చూడకూడదు కూడా. వినపడిందా?"

"వినపడిందక్కా."

తాళంచెవి చిన్న ఇనప ముక్క. మా ఆయన లారీ తాళం కూడా నా చేతిలో ఎప్పుడూ పెట్టలేదు. చదువు ఎనిమిదితో ఆపేశారు, పద్దెనిమిదికి పెళ్ళి చేశారు, పందొమ్మిదికి పాప. నాకు నేనుగా గెలుచుకున్న వస్తువు ఇదొక్కటే. పిడికిలి అలాగే బిగించి మా అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"ఆరేళ్ళయింది నువ్వు మా ఇంటికొచ్చి" అన్నారు మెల్లిగా. "తలనొప్పి అని చెప్పేదానివి. కళ్ళు తిరుగుతున్నాయనేదానివి. పాలగిన్నె కింద పడితే పిల్లి తోసిందనేదానివి. నువ్వు నాతో చెప్పిన మొదటి నిజం ఈవాళ విన్నాను."

తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో తెలియక నేను నిలబడ్డాను. ఆవిడ చెయ్యి చాచి నా పిడికిలిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. వణుకుతున్నాయి. భయపడేది నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

"శనివారం పొద్దున్నే తెచ్చి దింపుతాను పిల్లని. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను. నువ్వు వద్దన్నా సరే."

నేను ఏడ్చానని వేరే చెప్పాలా!

పాప పరుగెత్తుకొచ్చింది. బల్ల మీద ఏనుగుని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా ఏనుగు పొట్ట ఎవరు కోశారు?"

నేనే చెప్పాను. "నేనే నాన్నా. లోపల చెడ్డది ఒకటి ఉండిపోయింది. తీసేశాను."

"ఆపరేషనా?"

"ఆపరేషనే."

"మరి కుట్లెయ్యలేదేం? దూది పడిపోతోంది!"

"డాక్టరమ్మకి కంగారెక్కువ" అంటూ నర్సక్క కుర్చీ లాక్కుంది. "రా, నువ్వు కాళ్ళు పట్టుకో. పేషెంటు తన్నకుండా చూడాలి. పిన్నీ, బూడిదరంగు దారం ఉందా?"

ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. నేను పాప జడలు విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను. "ఈ వంకర పాపిడి ఎవరు తీశారే?" అన్నాను.

"నానమ్మ. అత్త లేవలేదుగా. ఎంత లేపినా లేవలేదు. నానమ్మ నీళ్ళు కొట్టింది."

నా వేళ్ళు జడలోనే ఆగిపోయాయి. మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు. పెద్దక్కని చూస్తున్నారు.

"అమ్మా" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ విననిది. "ఇక్కడ ఇంకో మంచం ఖాళీ ఉందా?"

పెద్దక్క నర్సక్క వైపు చూసి చిన్నగా నవ్వింది. "పొద్దున్నయితే ఒకటి ఖాళీ అయ్యేలా ఉండింది. ఇప్పుడు లేదు. మడతమంచం వేద్దాం లెండి. ఎవరికి?"

ఏనుగు కాళ్ళు వదలకుండానే పాప అంది: "అత్తకేగా నానమ్మా?"

పాప వాళ్ళ అత్త అంటే మా ఆయన అక్క. నాకు వదిన. బ్యాంకులో ఉద్యోగం, ఇస్త్రీ చెదరని బట్టలు, ఇంట్లో అందరి తప్పులూ ఎంచే నోరు. మూడు నెలల కిందట నన్ను ఈ గేటు దగ్గర దింపి, 'మా పరువు తీశావు' అని వెళ్ళిన మనిషి. నేను లేనప్పట్నించి బడి వదలగానే స్కూటరు వెనక నా కూతుర్ని కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చేది ఆవిడే.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"నీకంటే ముందు నుంచీ." మా అత్తగారు మొహం చేతుల్లో దాచుకున్నారు. "నీ పేరు చెప్పి తన సీసాలు కూడా నీ లెక్కలో వేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఈవాళ నువ్వు అందరి ముందూ అలా చెప్తుంటే... టాక్సీలో ఉంది అమ్మాయ్. లోపలికి రానంటోంది. నేను అడిగితే దిగదు."

పెద్దక్క లేవబోయింది.

"మీరుండండి అక్కా" అని నేనే లేచాను.

గేటు దాకా పది అడుగులు. టాక్సీ వెనక సీట్లో వదిన అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒళ్ళో ఆఫీసు సంచి. దాన్ని రెండు చేతులతో, అందులో పసిపిల్ల ఉన్నట్టు పట్టుకుంది. ఆ పట్టు చూడగానే సంచిలో ఏముందో నాకు తెలిసిపోయింది. ఆ పట్టు నాకు బాగా తెలుసు.

నేను ఏమీ అడగలేదు. తలుపు తీసి పక్కన కూర్చున్నాను.

"నేనే వదినా" అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు. చెయ్యి మాత్రం చాచి, నా మీదుగా తలుపు లాగి మూసేసింది. తర్వాత డ్రైవరుతో అంది:

"పోనివ్వు."

నేను దిగలేదు; కొంగున ముడేసిన తాళంచెవిని ఒక చేత్తో, ఆవిడ సంచిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను.